కంప్యూటర్లొచ్చిన ఏడాదే నా గొంతు పోయింది

నా గొంతు సంగతి ముందు చెప్పాలి. అది చెప్పకుండా కంప్యూటర్ల సంగతి మొదలుపెడితే మీకు సగమే అర్థమవుతుంది.

చిన్నప్పుడు మా అమ్మ నన్ను చూసి, "దీన్ని చాటింపుకి పంపితే డప్పు అక్కర్లేదు" అనేది. ఆ గొంతే నాకు అన్నం పెట్టింది. కైకలూరులో అద్దెకుండి, కొల్లేటికోట వైపు నీళ్ల మధ్యనున్న ఒక ఊళ్లో సైన్సు టీచరుగా పనిచేశాను. ఏడో తరగతి వరకూ ఉన్న బడి. బస్సు దిగి, గట్టు మీద నడిచి, చివర్లో పడవ దాటితే ఊరు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం ఇంకా కొట్టేయించని రోజులవి. బడి పక్కనే చెరువులోకి నీళ్లు తోడే డీజిలింజను ఒకటి పొద్దున్న మొదలైతే సాయంత్రం దాకా డబడబమంటూనే ఉండేది. బళ్లో ఒకటే పెద్ద హాలు. మధ్యలో రెండు బీరువాలు అడ్డం పెట్టి ఇటు ఆరో తరగతి, అటు ఏడో తరగతి అనుకున్నాం. ఇంజనుకి మించి, బీరువా అవతలి మాస్టారికి మించి అరిస్తేనే పాఠం. నేను అరిచేదాన్ని. "మేడంగోరు మొక్కల పాఠం చెబుతుంటే అవతలి గట్టు మీద కాపలావోళ్లకి కూడా వచ్చేసిందండి" అని పడవ నడిపే ఆయన ఏడిపించేవాడు. నాకది సన్మానం చేసినట్టే ఉండేది.

ఆ వేసవిలో ఏలూరులో రెండు జిల్లాల టీచర్లకీ కలిపి కంప్యూటర్ల శిక్షణ పెట్టారు. ఫ్యాన్లు తిరగని ఒక హాలు, గోడకి తెల్లగుడ్డ, దాని మీద బొమ్మలు. శిక్షణ ఇచ్చే కుర్రాయన చాలా మర్యాదస్తుడు. ఇంటరాక్టివ్, ఇంటరాక్టివ్ అని మాటమాటకీ అంటున్నాడు. ఆ మాటకి అర్థమేమిటని వెనక నుంచి ఎవరో అడిగారు. "అంటే అండి, కంప్యూటర్ పిల్లల్ని ప్రశ్న అడుగుతుంది. పిల్లలు నొక్కి జవాబు చెబుతారు. తప్పయితే తప్పని అదే చెబుతుంది. ఊరికే వినడం కాదండి" అన్నాడు.

ఇక హాల్లో ఎవరి మాట వారిది. కరెంటు ఎవరిస్తారని ఒకరు. పాడైతే మా జీతంలో కోస్తారా అని ఇంకొకరు. అసలు భయం అదే. కోస్తారనే భయంతోనే తర్వాత కొన్ని బళ్లలో కంప్యూటర్లకి దుప్పట్లు కప్పి తాళాలేశారు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన లెక్కల మాస్టారు మాత్రం లేచి నిలబడి అడిగారు. "ఏవండీ, పిల్లోడు తప్పు చెబితే నేను వాడి మొహం చూస్తానండి. తెలీక చెప్పాడా, భయపడి చెప్పాడా, పొద్దున్న తినకుండా వచ్చాడా అన్నది నాకు తెలుస్తుందండి. మీ పెట్టెకి తెలుస్తుందాండీ?" కుర్రాయన నవ్వి తర్వాతి బొమ్మకి వెళ్లిపోయాడు.

నా పక్కన తాడేపల్లిగూడెం నుంచే వచ్చిన సోషల్ టీచరుంది. చర్చిలో పాటలు పాడుతుంది, గొంతు తేనె. ఉద్యోగంలో ఇద్దరం ఒకే ఏడాది చేరాం కాబట్టి మీరు మీరు అనుకుంటూనే స్నేహంగా ఉండేవాళ్లం. ఆవిడ, "వచ్చేదాన్ని రానివ్వండి, మనమేం తరిగిపోతాం?" అంటోంది. నాకు ఒళ్లు మండింది. లేచాను.

"బాబూ, నాకు నోరుంది. నా నోటికి కరెంటక్కర్లేదు. వైర్లక్కర్లేదు. పాడైతే రిపేరుకి ఏలూరు మోసుకురానక్కర్లేదు."

హాలంతా చప్పట్లు. కూర్చున్నాక సోషల్ టీచరు నా వైపు వంగి, "బాగా అన్నారు గానీ, ఆ గొంతులో ఏదో గీరుకుంటున్నట్టుందండీ. ఎవరికైనా చూపించుకోండి" అంది. పాడేవాళ్లకి అన్నీ అనుమానాలే అనుకున్నాను.

బళ్లు తెరిచాక కంప్యూటర్లొచ్చాయి. నాలుగు. లారీ గట్టు చివర ఆగిపోతే ఊరివాళ్లే అట్టపెట్టెల్ని చంటిపిల్లల్లా ఒళ్లో పెట్టుకుని పడవ దాటించారు. ఊరి పెద్ద దగ్గరుండి దింపించాడు. ఆ ఊళ్లో ఆయన మాటే మాట. నెమ్మదిమనిషి, పది మాటలు మాట్లాడాల్సిన చోట ఒకటి మాట్లాడతాడు. కరెంటు నిలవదని చెరువుల మీద వాడే పాత జనరేటరు ఒకటి ఆయనే బడికి ఇప్పించాడు. హాలు వెనకున్న చిన్నగది కంప్యూటర్ల గదైంది.

వాటిలో సైన్సు పాఠాల సీడీలు పెట్టాం. బొమ్మలు బాగున్నాయి, అబద్ధమెందుకు. సరైన జవాబు నొక్కితే చప్పట్లు వినిపిస్తాయి. తప్పు నొక్కితే బాతు అరిచినట్టు "క్వాక్" అంటుంది. మా పిల్లలు బాతుల మధ్య పెరిగినవాళ్లు. ఆ అరుపు వినగానే పడీపడీ నవ్వారు. వారం తిరక్కుండానే సరైన జవాబు తెలిసినవాడు కూడా తప్పే నొక్కడం మొదలెట్టాడు. బాతు కోసం! "చూశారా మాస్టారూ, ఇదీ మీ ఇంటరాక్టివ్" అని హెడ్మాస్టారి దగ్గర ఎగిరాను. ఆయన కైకలూరు మనిషి, గొడవంటే గిట్టదు. "ఆయ్, చూస్తన్నానండి" అన్నారు.

అలా వాటిని తిట్టుకుంటూనే వాటికి కాపలా కూడా కాసేదాన్ని. ఒక వస్తువు మన బళ్లోకి వచ్చాక అది మనది. దసరా ముందు పెద్ద వాన పట్టింది. పొద్దున్నే బడికెళ్లి గది తలుపు తీస్తే కంప్యూటర్ల మధ్య తవుడు బస్తాలు, వేరుశనగ చెక్క బస్తాలు. చేపల మేత తడుస్తుందని ఊరివాళ్లు రాత్రికి రాత్రి అక్కడ పెట్టేశారు. మేత ఉన్నచోట ఎలుకలుండవూ? ఒక కంప్యూటరు వైరు కొరికేశాయి.

ఊరి పెద్ద రేవు దగ్గర నలుగురితో నిలబడి ఉన్నాడు. వానలో తడుస్తూనే వెళ్లాను. "ఇది బడా, మేత గొడౌనా? పిల్లల నోటికాడ కూడు చేపలకి పెడతారా? పెద్దమనిషన్న పేరెందుకు మీకు?" అని ఊరంతా వినేలా అరిచాను. ఆయన ఒక్కమాట అనలేదు. తువ్వాలు భుజం మార్చుకుని అలా నిలబడ్డాడు. మధ్యాహ్నానికి బస్తాలు లేవు. గెలిచాననుకున్నాను. మర్నాడు పొద్దున్న లేచి పాలవాణ్ణి పిలవబోతే నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు.

ఏలూరులో డాక్టరు గొంతులోకి అద్దం పెట్టి చూశారు. అరిచి అరిచి గొంతులో తీగల మీద కాయలు కాశాయట, చేతులకి కాసినట్టు. "మాట పూర్తిగా మానెయ్యాలమ్మా. గుసగుస కూడా వద్దు, అది ఇంకా చెడ్డది. మానేస్తే తగ్గొచ్చు. మళ్లీ అరిచారా, కోత పెట్టాలి. ఆ తర్వాత క్లాసులో నిలబడి పాఠం చెప్పే గొంతు ఉంటుందని నేను మాటివ్వలేను" అన్నారు. బయటికొచ్చాక సోషల్ టీచరు ఫోన్ చేస్తే మా ఆయన నా బదులు సంగతంతా చెప్పారు. ఆవిడ అన్నమాట ఆయన నవ్వాపుకుంటూ నాకు చెప్పారు: "రిపేరుకి ఏలూరుకే మోసుకెళ్లారన్నమాట!" ఏడుపొచ్చేంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది.

హెడ్మాస్టారు నన్ను కూర్చోబెట్టి చాలా మెత్తగా చెప్పారు. "మేడంగారండీ, తప్పుగా అనుకోకండి. మండలాఫీసులో ఒక సీటుంది. మాటతో పనిలేదు. మీరు ఊఁ అంటే రాసి పంపిస్తాను. పిల్లలకి సైన్సు ఆగిపోకూడదు గదండీ." జీతం అంతే, బస్సు దిగితే ఆఫీసు, పడవ దాటక్కర్లేదు. ఎవరైనా ఎగిరి గంతేస్తారు. నాకు మాత్రం కుర్చీలోంచి కింద పడ్డట్టైంది. క్లాసు లేకపోతే నేనెవర్ని? ఒక పలక తీసుకుని రాశాను: "అర్ధసంవత్సర పరీక్షల దాకా ఆగండి. కంప్యూటర్లతో చెబుతాను." ఆయన చదివి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. "కంప్యూటర్లతో మీరాండీ?" అన్నారు. నేనే. ఆ పెట్టెల్ని హాలు నిండా జనం ముందు కడిగేసిన నేనే. అవసరం అలాంటిది. "సరే, అప్పటికీ కుదరకపోతే మాత్రం మీరు కాదనకూడదు" అని ఒప్పుకున్నారు.

ఏడో తరగతి పిల్లలకి బోర్డు మీద రాశాను: "డాక్టరు నన్ను మాట్లాడొద్దన్నారు. మాట్లాడితే గొంతు పోతుంది. గొంతు పోతే నేను మీ బడి వదిలి వెళ్లిపోవాలి." అందరూ పైకి చదివారు. చదివాక కాసేపు ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఆ నిశ్శబ్దం చూసి మోసపోయాను. కంప్యూటర్ల గదిలోకి వెళ్లగానే సంత. ఒక్కో పెట్టె ముందు ఏడెనిమిది మంది. సీడీలో పాఠం చెప్పే ఆవిడ గొంతు పుస్తకంలా గబగబా మాట్లాడేస్తోంది. మౌసు బలమైనవాడి చేతిలో ఉంది. మిగతావాళ్లు వాడి జుట్టు పట్టుకున్నారు. బాతు మీద బాతు అరుస్తోంది. నేను డస్టరుతో బల్ల మీద కొట్టాను. ఎవరు వింటారు? అరవడం నా పనిముట్టు. అది లేకుండా నిలబడితే చేతులు లేనట్టుంది. బీరువా అవతలి మాస్టారు వచ్చి గదిమితే అప్పటికి సద్దుమణిగింది. ఆ సాయంత్రం పడవలో కూర్చుని మండలాఫీసు కుర్చీ ఎలా ఉంటుందో ఊహించుకున్నాను.

దారి చూపింది పడవాయన కూతురు. తండ్రి నోరే దానికీ వచ్చింది, నాతో సమానంగా వాదించే పిల్ల అదొక్కతే. మర్నాడు మౌసు కోసం మళ్లీ కొట్లాట మొదలవగానే, "ఆగండెహె! వాటాలేద్దాం" అంది. కొల్లేటి ఊళ్లలో నలుగురు కలిసి వేట చేస్తే చేపల్ని సమంగా కుప్పలు పోస్తారు. ఒకళ్లు అటు తిరిగి నిలబడతారు. ఇంకొకళ్లు ఒక కుప్ప మీద కర్ర పెట్టి "ఇదెవరికి?" అంటారు. అటు తిరిగినవాళ్లు కుప్ప చూడకుండా పేరు చెబుతారు. చెప్పిన పేరుకి తిరుగులేదు. పెద్ద చేప వచ్చిందని ఒకడు, చిన్నది వచ్చిందని ఇంకొకడు పోట్లాడుకోవడానికి ఉండదు. ఆ పిల్ల గోడవైపు తిరిగి నిలబడింది. ఇంకో పిల్ల మౌసు పైకెత్తి, "ఇదెవరికి?" అంది. వెనకబెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల పేరు వచ్చింది. బలమైనవాడు చేతులు కట్టుకుని పక్కకి తప్పుకున్నాడు! నేను వెయ్యి అరుపులరిచినా తప్పుకునేవాడు కాదు.

అక్కణ్ణుంచి నా క్లాసు అలాగే నడిచింది. ప్రశ్న తెర మీదకొస్తుంది. ఇదెవరికి అంటారు. పేరొచ్చినవాడు నొక్కాలి, కానీ నొక్కేముందు ఎందుకో మిగతావాళ్లకి చెప్పాలి. ఈ రెండోది నేను పెట్టిన నిబంధన, పలక మీద రాసి. నేను మాట్లాడను కాబట్టి వాళ్లే మాట్లాడుకోవాలి. గది నిండా గోలే, కానీ కూర్చుని వింటే ఆ గోల పాఠం గురించి. ఒకసారి మొక్కలు ప్రాణవాయువు ఇస్తాయా అని పెట్టె అడిగింది. ఒకడు ఇస్తాయన్నాడు. ఇంకొకడు, "ఇస్తే మరి నాచు పట్టిన చెరువులో తెల్లారుగట్ల చేపలెందుకు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి?" అన్నాడు. పెట్టెని ఎన్నిసార్లు నొక్కినా చప్పట్లు కొడుతుంది, లేదా "క్వాక్" అంటుంది తప్ప దానికి జవాబు లేదు. వాళ్లు అడిగింది దానికి వినబడదు. అందరూ నా వైపు తిరిగారు. "రాత్రి ఎండ ఉండదు కదా, అప్పుడు నాచు ఏం చేస్తుంది?" అని బోర్డు మీద రాశాను. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. అన్నేళ్లు అరిచి చెప్పిన దానికంటే ఆ రోజు ఎక్కువ చెప్పాననిపించింది.

శిక్షణకి వెళ్లిన టీచర్లకి నెలకోసారి జరిగే సమావేశంలో కంప్యూటర్లపై అభిప్రాయాలు చెప్పమన్నారు. ఆ నెల సమావేశం తాడేపల్లిగూడెంలో. నా అభిప్రాయం పలక మీద రాసిస్తే సోషల్ టీచరు లేచి చదివింది. "పెట్టె మంచిదే. దానికి కోపం రాదు, పిల్లలకి దానంటే భయం లేదు. కానీ అది తనకి తెలిసిందే అడుగుతుంది. పిల్లలు అడిగేది వినదు. అది అడిగాక పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చూడ్డానికి ఒక మనిషి ఉండాలి." లెక్కల మాస్టారు నవ్వి, "ఏవండీ, ఏలూరులో ఒకటన్నారు, ఇక్కడ ఇంకోటంటున్నారు. మాట మార్చేశారే!" అన్నారు. "మాటే లేనిది ఎలా మారుస్తారండీ మాస్టారూ" అని నా తరఫున సోషల్ టీచరే అంటించింది. ఆయన తర్వాత నా దగ్గరికొచ్చి ఆ వాటాల పద్ధతి ఎలాగో ఒక కాగితం మీద రాసిమ్మన్నారు.

క్లాసు ఇలా కుదురుకుంటుంటే, బయట ఊరు మారిపోయింది.

మొదట పడవలో గమనించాను. పడవాయన దారిపొడుగునా ఏదో ఒకటి అని ఏడిపించేవాడు కదా, నోరు విప్పడం లేదు. ఒకరోజు నేను రేవులో దిగుతుంటే, "జాగర్తండి, జారుద్ది" అన్నాడు. అనేసి నాలిక్కరుచుకుని, అటూ ఇటూ చూసి, నెత్తి కొట్టుకున్నాడు. ఎవరు విన్నారోనని భయపడ్డట్టు. తర్వాత టీ కొట్టు. "మేడంగోరూ, టీ తాగెళ్లండి" అనే ఆవిడ గ్లాసు చేతికిచ్చి మొహం తిప్పేసుకుంది. రేవులో గిన్నెలు తోముకునే ఆడవాళ్లు నన్ను చూడగానే మాటలాపేశారు. ఒక చంటిపిల్ల "టీచరండీ" అని నా వైపు రాబోతే తల్లి రెక్క పట్టుకుని లాగేసింది. చివరికి క్లాసులో పిల్లలు కూడా నన్నేదన్నా అడగాలంటే పలక మీద రాసి చూపిస్తున్నారు. నన్ను చూసి నేర్చుకున్నారులే అనుకున్నాను గానీ, ఊరంతా అలా ఎందుకుంటుంది?

ఆ ఊళ్లలో పనిచేసినవాళ్లెవరికైనా దీని అర్థం తెలుసు. వెలి. ఊరి కట్టుబాటు మీరినవాళ్లతో ఎవరూ మాట్లాడకూడదని పెద్దలు కూర్చుని తీర్మానిస్తారు. చాటింపు వేయిస్తారు. మాట్లాడినవాళ్లకి జరిమానా. అంతకుముందొకసారి ఒక కుటుంబానికి అలా జరగడం చూశాను. ఉప్పు కూడా ఎవరూ ఇవ్వలేదు వాళ్లకి. నాకు టీ ఇస్తున్నారంటే అది నా ఉద్యోగానికిచ్చిన మర్యాద. వాన రోజు రేవులో అంతమంది ముందు ఊరి పెద్దని నేనన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆయన అప్పుడు మాట్లాడకపోవడం ఇప్పుడర్థమైందనుకున్నాను.

కోపం వచ్చింది. బస్తాలు పెట్టింది వాళ్లు, వెలి నాకా? అరుద్దామంటే గొంతు లేదు. కోపం పైకి పోయే దారి లేక లోపలే తిరిగింది. ఆ తర్వాత, నిజం చెప్పొద్దూ, బాధేసింది. చాలా బాధేసింది. ఇంట్లో వాళ్లకన్నా ఆ ఊరివాళ్లతోనే ఎక్కువ మాట్లాడి ఉంటాను నేను. డాక్టరు నా మాట ఆపితే తట్టుకున్నాను. వాళ్ల మాట ఆగిపోతే తట్టుకోలేకపోయాను. పాఠం కుదిరింది, పిల్లలు నేర్చుకుంటున్నారు, అయినా అలాంటి ఊళ్లో ఎవరి కోసం నిలబడాలి? ఒక శనివారం హెడ్మాస్టారికి పలక మీద రాసి చూపించాను: "మండలాఫీసుకి పంపించండి." ఆయన తెల్లబోయారు. "క్లాసు బ్రహ్మాండంగా నడుస్తోంది గదండీ!" అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. "సరే, సోమవారం రాసి పంపుతాను, ఆదివారం ఒక్కరోజు ఆలోచించుకోండి" అన్నారు.

వెళ్లిపోయేదాన్ని, అడగాల్సింది అడిగే వెళ్తానని ఆ సాయంత్రం నేరుగా ఊరి పెద్ద ఇంటికెళ్లాను. ఆయన వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గభాల్న లేచాడు. ఆయన భార్య కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. ఇద్దరి పెదాలూ కదల్లేదు. నేను పలక తీసి రాసి ఆయన చేతికిచ్చాను. "నన్నెందుకు వెలేశారు? ఆ రోజు అరిచినందుకేనా?"

ఆయన కళ్లజోడు వెతుక్కుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. చదివి, పలక ఒళ్లో పెట్టుకుని, "అయ్యబాబోయ్!" అన్నాడు. భార్య వైపు చూశాడు. "చూశావటే? మేడంగోరు ఎంత మాటనుకున్నారో!" ఇక నా వైపు తిరిగాడు. ఆయన అంత పొడుగు మాట్లాడగా నేను అదే వినడం.

"వెలేంటండీ? మిమ్మల్నా? మీ పిల్లలే వచ్చారండి, క్లాసు మొత్తం. రేవు దగ్గర మేం నలుగురం కూర్చునుంటే వచ్చి వరసగా నిలబడ్డారండి. మేడంగోరు మాట్టాడితే గొంతు పోద్దంట, గొంతు పోతే ఎల్లిపోతారంట, ఏదోటి చెయ్యండన్నారండి. బళ్లో మేం మాట్టాడించం, ఊళ్లో మీరు చూసుకోండన్నారండి. ఆయ్, నిజవేనండి. ఊరన్నాక దారిలో పదిమందీ పలకరిస్తారండి. పలకరిస్తే మీరు పలక్కుండా ఉండలేరండి. మీ సంగతి మాకు తెలవదాండీ? అందుకని చాటింపేయించానండి, సాయంత్రం మీరు కైకలూరు ఎల్లిపోయాక. మేడంగోరితో నోరు విప్పినోళ్లు బడి జనరేటరుకి ఒక డబ్బా డీజిలు పొయ్యాలి. అదేనండి కట్టుబాటు."

కంప్యూటర్ల గది గుమ్మం దగ్గర అప్పుడప్పుడూ డీజిలు డబ్బా కనబడేది. హెడ్మాస్టారు తెప్పిస్తున్నారనుకునేదాన్ని. జాగర్తండి, జారుద్ది! పడవాయన నెత్తి కొట్టుకుంది దానికి. ఆ నెలంతా మా పిల్లలు నొక్కిన కంప్యూటర్లు ఊరివాళ్లు నోరు జారి పోసిన డీజిలుతో నడిచాయి.

నాకు కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. ఆ నీళ్లలోనే మళ్లీ కోపమొచ్చింది, నా బుద్ధి అంతే. ఆపుకోలేక నోరు తెరిచాను. చిరిగిన గుడ్డలా వచ్చింది గొంతు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆయన భార్య "అమ్మమ్మమ్మ!" అంటూ పరుగెత్తుకొచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టేసింది.

"అదిగోనండి" అన్నాడాయన. "ఇందుకేనండి చెప్పంది. చెబితే ఎందుకని అడుగుతారు. అడగాలంటే మాట్టాడాలి గదండీ." తర్వాత పెరట్లోకి తిరిగి తమ్ముణ్ణి కేకేశాడు. "ఒరేయ్, రేపు బడికాడ ఒక డబ్బా డీజిలు పెట్టించు. నా కింద. మేడంగోర్ని నేనే మాట్టాడించేశాను."

సోమవారం హెడ్మాస్టారి దగ్గరికెళ్లి, కాగితం పంపొద్దని పలక మీద రాశాను. "నేనింకా రాయనే లేదండి" అన్నారాయన. అర్ధసంవత్సర పరీక్షలు అయ్యాయి. పిల్లలు ఎప్పట్లాగే రాశారు, కొందరు ఎప్పటికంటే బాగా రాశారు. ఇక ఆయన సీటు మాట ఎత్తలేదు. సంక్రాంతి సెలవుల తర్వాత ఏలూరులో డాక్టరు మళ్లీ అద్దం పెట్టి చూసి, "కరిగాయమ్మా. మాట్లాడండి. కానీ నెమ్మదిగా. అరిచే గొంతు ఇక మీకు లేదనుకోండి, ఉన్నా వాడకండి" అన్నారు.

ఆ కబురు నాకన్నా ముందు ఊరు చేరింది. సోషల్ టీచరు హెడ్మాస్టారికి ఫోన్ చేసింది, ఆయన ఊరి పెద్దకి చెప్పారు, ఆయన చాటింపు వేయించి కట్టుబాటు ఎత్తేశాడు. మర్నాడు పొద్దున్న నేను రేవులో అడుగుపెట్టగానే పడవాయన అన్నాళ్ల బాకీ ఒక్కసారే తీర్చుకున్నాడు. టీ కొట్టావిడ తన కోడలి కాన్పు సంగతి మొదటి నుంచీ చెప్పింది. గిన్నెలు తోముకునేవాళ్లు తోమడం ఆపేసి చుట్టూ చేరారు. నేను ఊఁ అంటూ, నవ్వుతూ, చిన్నగా ఒకటి రెండు మాటలంటూ బడికి చేరేసరికి మొదటి పీరియడు సగం అయిపోయింది.

పిల్లలు నా కోసం ఆగలేదు. కంప్యూటర్లు వాళ్లే వేసుకున్నారు. నేను గుమ్మం దాకా వచ్చి ఆగాను. పడవాయన కూతురు గోడవైపు తిరిగి ఉంది, నేను వచ్చింది దానికి తెలియదు. ఇంకో పిల్ల తెర మీద ప్రశ్నకి కర్ర ఆనించి, "ఇదెవరికి?" అంది.

"మేడంగారికి!" అంది గోడవైపు తిరిగిన పిల్ల.

వాళ్ల వాటాల్లో నా పేరు కూడా ఉందని నాకప్పటిదాకా తెలియదు. అందరూ గుమ్మం వైపు తిరిగారు. నేను లోపలికి వెళ్లాను. ప్రశ్న చదివాను. జవాబు చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను, నిబంధన పెట్టింది నేనే కాబట్టి. బయట ఇంజను డబడబమంటోంది. నా గొంతు నాకే కొత్తగా ఉంది, సన్నగా, పక్కింటావిడ గొంతులా.

"వినబళ్లేదండీ" అన్నారు వెనకవాళ్లు.

ఒకప్పుడైతే ఇంజనుకి మించి అరిచేదాన్ని. "అయితే దగ్గరికి రండి" అన్నాను. అందరూ బెంచీలు ఈడ్చుకుంటూ దగ్గరికొచ్చారు.